హక్కా? అప్పా? – రోగి దగ్గర నేర్చుకునే విద్య గురించి నాలుగు మాటలు

 

పోయిన వారం వీడియోలో గురుదక్షిణ గురించి చెప్పుకున్నాం కదా. ఏకలవ్యుడి కథ అయ్యాక చివర్లో ఒక ప్రశ్న వేసి ఆపేశాను. "తాము గురువులమని తమకే తెలియనివాళ్ల సంగతేమిటి?" అని. సమయం సరిపోక అక్కడితో ముగించాల్సి వచ్చింది. ఆ ప్రశ్న నాది కాదు, నిజానికి మా మేనకోడలిది. దాని వెనక ఉన్న సంగతంతా ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా అక్కయ్య కూతురు నాలుగున్నరేళ్ల ఎం.బి.బి.ఎస్. చదువు ముగించుకుని, ఇప్పుడు ఒక ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్‌గా చేస్తోంది. ఆ మధ్య ఒకరోజు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసింది. "పడుకున్నావా మామయ్యా?" అంది. గొంతు వినగానే అర్థమైంది, ఏడ్చి ఉంది.

ఆ రోజు వార్డులో ఒక పెద్దావిడకి రక్తం తీయాల్సి వచ్చిందిట. డెబ్బై ఏళ్ల మనిషి. చేతులు ఎండిపోయిన కొమ్మల్లా ఉన్నాయిట. మొదటిసారి గుచ్చితే నరం దొరకలేదు. రెండోసారి గుచ్చితే నరం జారిపోయింది. మూడోసారికి చెయ్యి నీలంగా కమిలింది. ఆవిడ మాత్రం పళ్లు బిగబట్టుకుని, "ఫర్లేదు డాక్టరమ్మా, ఇంకోసారి చూడు, నువ్వు కంగారు పడకు" అందిట. నాలుగోసారి దొరికింది.

"మామయ్యా, నొప్పి ఆవిడది. ధైర్యం చెప్పిందీ ఆవిడే. పక్కనే మా సీనియర్ ఉన్నాడు, పిలిస్తే ఒక్క గుచ్చుతో అయిపోయేది. పిలవలేదు. ఎందుకంటే నాకు రావాలి కదా, నేను నేర్చుకోవాలి కదా అనుకున్నాను. నా చదువు కోసం ఆవిడకి నొప్పి పెట్టే హక్కు నాకు ఎవరిచ్చారు?" అని అడిగింది. కాసేపాగి, "ఆవిడ పేరు కూడా నాకు తెలీదు" అంది.

నేను వెంటనే ఏదో ఓదార్పు మాట చెప్పబోయాను. తర్వాత ఆగిపోయాను. ఎందుకంటే ఆ పిల్ల అడిగింది ఓదార్పు కాదు. అడిగింది ధర్మసందేహం. ధర్మసందేహానికి ఓదార్పు జవాబు కాదు కదండీ.

తేలికైన జవాబులు రెండు

ఈ ప్రశ్నకి మనందరికీ నోటికి వచ్చే జవాబులు రెండున్నాయి. ముందు వాటిని చూద్దాం.

మొదటిది: "ఎవరో ఒకరి మీద నేర్చుకోకుండా డాక్టరెలా అవుతారు?" ఇది నిజమే. కాదనడానికి లేదు. ఈ రోజు చెయ్యి తిరిగిన సర్జన్లందరూ ఒకరోజు చేతులు వణుకుతూ మొదటి కుట్టు వేసినవాళ్లే. వాళ్ల దగ్గర మొదటి కుట్టు వేయించుకున్న మనిషి ఒకడు ఎక్కడో ఉన్నాడు. రేపు మనకి మంచి డాక్టరు దొరకాలంటే, నిన్న ఎవరో కొత్త డాక్టరుని భరించి ఉండాలి. కానీ చూడండి, ఈ జవాబు నేర్చుకోవడం అవసరం అని మాత్రమే చెబుతుంది. ఆ బరువు ఎవరి మీద పడాలి, ఎలా పడాలి అన్నది చెప్పదు. నాకు అవసరం ఉన్నంత మాత్రాన పక్కవాడి వస్తువు నాదైపోదు కదా.

రెండోది ఇంకా చిత్రమైన జవాబు: "ఉచితంగా వైద్యం చేస్తున్నారు కాబట్టి ఆ మాత్రం ఓర్చుకోవాలి." ఈ మాట పైకి అననివాళ్లు కూడా లోపల అనుకుంటారు. నేనూ ఒకప్పుడు అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు. కానీ పెద్దాసుపత్రి ఎవరి సొమ్ముతో నడుస్తోంది? ఆ పెద్దావిడ కొనుక్కునే సబ్బుబిళ్ల మీదా పన్ను ఉంది. పోనీ, నిజంగానే ఉచితం అనుకుందాం. దానం చేసినవాడు, పుచ్చుకున్నవాడి చెయ్యిని తన ఇష్టమొచ్చినట్టు వాడుకుంటానంటే అది దానం ఎలా అవుతుంది? వ్యాపారం అవుతుంది. అదీ ధర చెప్పకుండా చేసే వ్యాపారం.

ఇంకో సంగతి. ఎవరో ఒకరి మీద నేర్చుకోవాలి అన్నాం. ఆ 'ఎవరో ఒకరు' ఎప్పుడూ ఎవరవుతున్నారు? ఇది కొంచెం చేదుగా ఉంటుంది కానీ చెప్పుకోవాలి.

బరువు ఎవరి మీద పడింది

1828లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారు మందిని చంపి, ఆ శవాలను శరీర శాస్త్రం బోధించే ఒక డాక్టరుకి అమ్మారు. విద్యార్థులకు కోసి చూపించడానికి శవాలు కావాలి, దొరకడం లేదు, అందుకని గిరాకీ. ఈ ఘోరం బయటపడ్డాక, బ్రిటిష్ పార్లమెంటు 1832లో అనాటమీ చట్టం చేసింది. ఇకపైన హత్యలు అక్కర్లేదు, సమాధులు తవ్వక్కర్లేదు. మరి శవాలు ఎక్కణ్ణించి వస్తాయి? అనాథ శరణాలయాల లాంటి వర్క్‌హౌసుల్లో చనిపోయి, తీసుకెళ్లడానికి ఎవరూ రాని బీదవాళ్ల దగ్గర్నుంచి. చట్టం వల్ల హత్యలు ఆగాయి. బరువు మాత్రం బీదవాడి మీదే ఉండిపోయింది.

మన దేశంలోనూ ఇదే దారి. 1949 నాటి బొంబాయి అనాటమీ చట్టం మొదలుకుని, రాష్ట్రాల చట్టాలు అనాథ శవాలను వైద్య కళాశాలలకు ఇవ్వడానికి వీలు కల్పించాయి. అంటే ఎంతోమంది డాక్టర్ల మొదటి పాఠం, ఎవరూ అడగని, ఎవరూ ఏడవని ఒక మనిషి ఒంటి మీద రాసి ఉంది. ఆ మనిషిని బతికుండగా 'నీ ఒళ్లు ఇస్తావా' అని అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు ఏకలవ్యుడి దగ్గరికి వద్దాం. అక్కడ గురువు నేర్పలేదు. శిష్యుడు మట్టిబొమ్మ ముందు నిలబడి తనంతట తాను నేర్చుకున్నాడు. అయినా గురువు దక్షిణ అడిగాడు, శిష్యుడు బొటనవేలు కోసి ఇచ్చాడు. ఇక్కడ తిరగబడిన కథ. గురువు తన ఒళ్లే ఇచ్చి నేర్పాడు. తాను గురువునని అతనికి తెలియదు. శిష్యుడు నేర్చుకుని, పట్టా పుచ్చుకుని, దక్షిణ మాటే తలవకుండా వెళ్లిపోతున్నాడు. రెండు కథల్లోనూ రక్తం కార్చింది బలం లేనివాళ్లే. ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ ఆలోచనే.

మా అమ్మ మంచం చుట్టూ

నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. చాలా ఏళ్ల కిందట మా అమ్మ ఒక బోధనాసుపత్రిలో పద్దెనిమిది రోజులుంది. పొట్టలో ప్లీహం వాచింది. ప్లీహం వాచితే పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కితే తగులుతుందిట. విద్యార్థులకి అది మంచి పాఠం. అందుకని రోజూ పొద్దున్నే ఎనిమిది, పది మంది పిల్లలు మంచం చుట్టూ చేరేవారు. ప్రొఫెసరుగారు ఇంగ్లీషులో ఏదో చెప్పేవారు. ఒకరి తర్వాత ఒకరు అమ్మ పొట్ట నొక్కేవారు. "ఊపిరి పీల్చండి, వదలండి." అంతే, అమ్మతో వాళ్లు మాట్లాడిన మాటలు అవే. వెళ్లేటప్పుడు చీర సర్దాలన్న ఆలోచన కూడా వాళ్లకి తట్టేది కాదు. అమ్మే సర్దుకునేది.

నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు, "రేపటినుంచి ఎవర్నీ రానివ్వను" అన్నాను. అమ్మ అంది, "వద్దు నాన్నా, పిల్లలు నేర్చుకోవాలిగా. నన్ను చూసి నేర్చుకుంటే రేపు ఇంకో అమ్మకి తొందరగా తెలుస్తుందిగా." ఆగి మళ్లీ అంది, "నొక్కితే నొక్కారు గానీ, చేతులు మరీ చల్లగా ఉంటున్నాయిరా."

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. తన వంతు రాగానే రెండు చేతులూ రుద్దుకుని వేడి చేసుకునేది. "చూడొచ్చా అమ్మా?" అని అడిగేది. అయ్యాక దుప్పటి తనే కప్పి, "నొప్పి పెట్టానా?" అనేది. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. పద్దెనిమిది రోజుల్లో మా అమ్మ ఆశీర్వాదం దక్కించుకున్న విద్యార్థి మాత్రం ఆ ఒక్కతే. పొట్ట మిగతా తొమ్మిదిమందికీ కూడా తగిలింది. ప్లీహం అందరికీ తెలిసింది. మనిషి ఒక్కతికే తెలిసింది.

ఇదంతా గుర్తొచ్చాక మేనకోడలికి చెప్పాల్సిన జవాబు నాకు కొంచెం కొంచెం కనిపించింది. పది మందీ చేసింది ఒకటే పని. అయినా ఆ ఒక్కతీ చేసిన దాంట్లో తప్పు లేదనిపిస్తుంది, మిగతావాళ్లు చేసిన దాంట్లో ఏదో లోటు కనిపిస్తుంది. తేడా ఎక్కడుంది? చల్లని చేతుల్లోనా? కాదు. ఆ అమ్మాయి తీసుకుంటున్నది ఇంకొకరి సొత్తు అని తెలిసి తీసుకుంది. మిగతావాళ్లు తమ సొంతమన్నట్టు తీసుకున్నారు.

నేర్చుకోవడం విద్యార్థి హక్కు కాదండీ. అది అప్పు. హక్కు అయితే అడగక్కర్లేదు, తీర్చక్కర్లేదు. అప్పు అయితే అడిగి పుచ్చుకోవాలి, గుర్తుంచుకోవాలి, తీర్చాలి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మిగతాదంతా దీని వివరణ.

సొరకాయ మీద నేర్చుకోగలిగింది

అప్పు చేసేవాడికి మొదటి నియమం ఏమిటి? అవసరమైనంతకు మించి చెయ్యకూడదు. ఈ సంగతి మన సుశ్రుతుడికి బాగా తెలుసు. శిష్యుడు శాస్త్రం ఎంత చదివినా, చేతితో సాధన చెయ్యనిదే చికిత్సకి పనికిరాడని సుశ్రుత సంహిత చెబుతుంది. అందుకోసం ఒక అధ్యాయమే ఉంది. కోయడం ఎలాగో గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయల మీద నేర్చుకోమంటుంది. నరాన్ని పొడవడం తామరతూళ్ల మీద, చచ్చిన జంతువుల నరాల మీద. కుట్లు వేయడం దళసరి గుడ్డ మీద, మెత్తని తోలు మీద. కట్లు కట్టడం మనిషి ఆకారంలో చేసిన బొమ్మ మీద. ఇవాళ మెడికల్ కాలేజీల్లో రబ్బరు చేతులు, ప్లాస్టిక్ బొమ్మలు పెట్టిన 'స్కిల్స్ ల్యాబ్' ఉండి తీరాలని నిబంధన ఉంది. ఆలోచన పాతదే, సొరకాయ బదులు రబ్బరు వచ్చింది.

ఇందులో ఉన్న ధర్మం గమనించారా? కాయ మీద నేర్చుకోగలిగింది కాయ మీదే నేర్చుకో. బతికున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి, మనిషి మీద తప్ప ఇంకెక్కడా నేర్చుకోలేనిది మాత్రమే మిగలాలి. మా మేనకోడలు మూడోసారి గుచ్చినప్పుడు జరిగిన తప్పు అదే అని నాకనిపిస్తుంది. మొదటి గుచ్చు ఎవరికైనా తప్పవచ్చు. రెండోది కూడా. పక్కనే చెయ్యి తిరిగినవాడు ఉండగా మూడోది, నాలుగోది ఎవరి కోసం? ఆ రెండూ వైద్యం కోసం కాదు, తన పట్టుదల కోసం. అప్పు అక్కడ దోపిడీగా మారింది. ఆ పిల్లకి ఈ మాట చెప్పాను కూడా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవును మామయ్యా, ఓడిపోయానని సీనియర్ ముందు ఒప్పుకోవడం ఇష్టం లేక పిలవలేదు" అంది.

శవాన్ని కోసి నేర్చుకునే పద్ధతి కూడా సుశ్రుతుడు చెప్పాడు. శరీరాన్ని గడ్డితో చుట్టి, మెల్లగా పారే నీటిలో పంజరంలో ఉంచాలి. ఏడు రాత్రులయ్యాక తీసి, వట్టివేళ్లు, వెదురు లాంటి వాటితో చేసిన కుంచెతో నెమ్మదిగా రుద్దుతూ, చర్మం మొదలుకుని పొర తర్వాత పొర కళ్లారా చూడాలి. ఎంత ఓపికైన పని! ఓపిక ఉన్న చోట గౌరవం కూడా ఉంటుంది.

ఇక చరక సంహితలో, గురువు శిష్యుణ్ణి అగ్ని ముందు నిలబెట్టి చెప్పే బోధ ఒకటుంది. సారాంశం చెబుతాను. నీ ప్రాణం మీదికి వచ్చినా రోగికి కీడు తలపెట్టకు. రోగి ఇంటికి వెళ్లేటప్పుడు ఆ ఇంటివాళ్లకి తెలిసిన మనిషితో, అనుమతి పొంది వెళ్లు. తల వంచుకుని లోపలికి అడుగుపెట్టు. లోపల చూసింది బయట చెప్పకు. 2022లో జాతీయ వైద్య కమిషన్ సిఫార్సు చేసిన చరక శపథానికి మూలం ఇదే. ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది అనుమతి. ఇంటి గడప దాటడానికే అనుమతి కావాలంటే, ఒంటి గడప దాటడానికి ఇంకెంత కావాలి?

కాదనలేనివాళ్ల 'సరే'

ఇక్కడ మీకో అనుమానం రావాలి. "ఆ పెద్దావిడ ఫర్లేదు, ఇంకోసారి చూడు అంది కదా. అనుమతి ఇచ్చినట్టే కదా?" అని.

నేనూ అదే అన్నాను. మా మేనకోడలు ఏమందో తెలుసా? "లేదు మామయ్యా. ఆవిడ వద్దనగలదా? వద్దంటే వైద్యం మానేస్తామని భయం. మేం చెప్పినదానికల్లా తల ఊపుతారు వాళ్లు. కాయితం మీద వేలిముద్ర వేయమంటే వేస్తారు, ఎందుకని అడగరు."

ఎంత లోతైన మాట! కాదనే వీలు లేనివాళ్లు చెప్పిన 'సరే'కి విలువ ఎంత? కౌలురైతు భూస్వామి ముందు చెప్పే సరే లాంటిదది. కాబట్టి అడగడం ఒక్కటే చాలదు. వద్దనే వీలు కూడా ఇవ్వాలి. "అమ్మా, నేను ఇంకా నేర్చుకుంటున్నాను. మీకు ఇష్టమైతేనే చూస్తాను. వద్దంటే మా పెద్ద డాక్టరుగారు చూస్తారు, మీ వైద్యానికేం అడ్డం రాదు." ఈ మూడు ముక్కలు చెప్పడానికి పది సెకండ్లు పట్టదు. ఈ మాటలు విన్నాక కూడా చాలామంది సరే అనే అంటారు, మా అమ్మలాగే. అప్పుడు అది నిజమైన సరే. అప్పుడే ఆ పేదరాలు దాత అవుతుంది. అంతకుముందు ఆమె ఒక వనరు మాత్రమే.

దాత అనగానే దధీచి గుర్తుకొస్తాడు. వృత్రాసురుణ్ణి చంపడానికి వజ్రాయుధం కావాలి, అది దధీచి వెన్నెముకతోనే అవుతుంది. దేవతలకి బలం లేకనా? ఎత్తుకుపోలేరా? అయినా వచ్చి చేతులు జోడించి అడిగారు. ఆయన ఒప్పుకుని తనంతట తాను శరీరం విడిచిపెట్టాడు. అడిగారు కాబట్టే అది త్యాగమైంది. అడక్కుండా తీసుకుని ఉంటే ఆ కథని మనం ఇంకో పేరుతో చెప్పుకునేవాళ్లం.

ఈ కాలంలోనూ దధీచులున్నారు. తెలుగువారైన సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో కన్నుమూశాక, ఆయన దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కి బోధన కోసం ఇచ్చింది. పేరు బయటికి రాని మామూలు మనుషులు కూడా ఊరూరా ఇలా ఇస్తున్నారు. తైవాన్‌లో త్సూ చీ అనే బౌద్ధ సంస్థ నడిపే వైద్య విద్యాలయంలో అయితే, ఇలా దేహం ఇచ్చినవాళ్లని 'మౌన గురువులు' అంటారు. విద్యార్థులు ముందుగా ఆ గురువు ఇంటికి వెళ్లి, కుటుంబంతో మాట్లాడి, ఆయన ఎలా బతికాడో తెలుసుకుంటారు. పాఠం అయిపోయాక కుట్లు వేసి, బట్టలు తొడిగి, అంత్యక్రియల్లో తామూ నిలబడతారు.

మన దగ్గరా మార్పు మొదలైంది. 2019లో చేరిన బ్యాచ్ నుంచి ఎం.బి.బి.ఎస్.లో నైతికత, ప్రవర్తన, మాటతీరు గురించి ప్రత్యేకంగా పాఠాలు పెట్టారు. డాక్టరంటే ఏమిటి, రోగి అంటే ఏమిటి అన్నవి మొదటి ఏడాది పాఠాలు. శవాన్ని మొదటి గురువుగా చూడటం కూడా అందులో ఒక పాఠమే. చాలా కాలేజీల్లో పిల్లలు డిసెక్షన్ హాల్లో మొదటి రోజున పూలు పెట్టి, ప్రమాణం చేసి మొదలుపెడుతున్నారు. మా మేనకోడలు కూడా చేసిందిట. "చచ్చిపోయినవాళ్లకి దణ్ణం పెట్టడం నేర్పారు మామయ్యా. బతికున్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాకు టైం లేదు" అంది. నేనేం చెప్పగలను?

గట్టిపడటం, స్థిరపడటం

టైం లేదన్నమాట అబద్ధం కాదు. ముప్ఫై గంటలు నిద్రలేకుండా డ్యూటీ చేసిన పిల్లలకి, పక్కన ఇంకా ఇరవై మంది ఎదురుచూస్తుండగా, దయ గురించి ఉపన్యాసం ఇవ్వడం తేలిక. అందుకని వాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు.

అమెరికాలో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థుల్లో సహానుభూతి ఏయే సంవత్సరం ఎలా ఉందో కొలిచి చూశారు. మొదటి రెండేళ్లూ ఉన్నది, మూడో ఏట బాగా తగ్గింది. మూడో ఏడంటే ఏమిటో తెలుసా? పుస్తకాలు వదిలి రోగుల దగ్గరికి వెళ్లే ఏడు. అన్నిచోట్లా అచ్చం ఇలాగే అవుతుందని అనలేం. కానీ దయ ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే తగ్గిపోవడం మాత్రం ఆలోచించాల్సిన విషయం.

మా మేనకోడలు అడిగింది, "ప్రతిదానికీ ఇలా ఏడుస్తూ కూర్చుంటే డాక్టర్ని ఎలా అవుతాను? అందరూ గట్టిపడమంటున్నారు."

దానికి నేను చెప్పినది ఇది. గట్టిపడటం వేరు, స్థిరపడటం వేరు. రాయి గట్టిగా ఉంటుంది, దానికి ఏమీ తెలియదు. దీపం గాలి లేనిచోట స్థిరంగా ఉంటుంది, కానీ వెలుగు ఇస్తూనే ఉంటుంది. కళ్లనిండా నీళ్లుంటే నరం కనపడదు. కాబట్టి సూది పట్టుకున్నప్పుడు చెయ్యి వణక్కూడదు, అది రోగి మేలు కోసమే. సూది కింద పెట్టాక కూడా మనసు కదలకపోతే, అది నీ సుఖం కోసం తెచ్చిపెట్టుకున్న రాతితనం. ఆ రాత్రి నువ్వు ఏడవడం బలహీనత కాదు. అప్పు పత్రం నీ దగ్గర ఇంకా చిరిగిపోలేదని దాని అర్థం.

ఫ్రాన్సిస్ పీబాడీ అని హార్వర్డ్‌లో ఒక ప్రొఫెసరు ఉండేవారు. 1926లో విద్యార్థులకి చేసిన ప్రసంగం ఒకటి ఆ మరుసటేడు అచ్చయింది. ఇప్పటికీ వైద్య విద్యార్థులకి దాన్ని చదవమని చెబుతారు. మంచం మీద పడుకున్న మనిషి ఫోటో ఒక్కటే రోగి చిత్రం కాదని, ఇల్లు, పని, బంధువులు, ఆశలు, భయాలు అన్నీ చుట్టూ ఉన్న మనిషిని చూడాలని అందులో ఆయన భావం. రోగికి వైద్యం చేయడంలోని రహస్యం రోగి మీద అక్కర కలిగి ఉండటమేనని ముగించారు. ఆ ప్రసంగం అచ్చయిన 1927లోనే ఆయన కాన్సర్‌తో పోయారు. మంచం పక్కన నిలబడటం, మంచం మీద పడుకోవడం రెండూ తెలిసిన మనిషి మాట అది.

తీర్చడం ఎలా

మన పెద్దలు మనిషి పుడుతూనే మూడు ఋణాలతో పుడతాడన్నారు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. ఇందులో ఋషిఋణం తమాషా అయినది. మనకి విద్య ఇచ్చిన ఋషులు ఇప్పుడు లేరు. ఎవరికి తీరుస్తాం? విద్యని నిలబెట్టి, ముందు తరానికి అందించడమే తీర్చడం. రోగి దగ్గర నేర్చుకున్న విద్య కూడా అలాంటిదే. ఆ పెద్దావిడ చెయ్యి మీద నేర్చుకున్నది, ముప్ఫై ఏళ్లపాటు వేలమంది చేతుల్లో నొప్పి తగ్గిస్తే ఆ ఋణం తీరుతుంది.

కానీ జాగ్రత్త. ఇందులో ఒక మోసం ఉంది. "రేపు వేలమందికి మేలు చేస్తాను కాబట్టి ఇవాళ ఈవిడని ఎలా చూసినా ఫర్లేదు" అనుకునే మోసం. రేపటి అప్పు రేపు తీర్చవచ్చు. ఇవాళ్టి వడ్డీ మాత్రం ఇవాళే, ఆ మనిషికే కట్టాలి. ఆ వడ్డీ ఏమిటి? పేరు అడగడం. నేర్చుకుంటున్నానని నిజం చెప్పడం. వద్దనే వీలు ఇవ్వడం. రెండుసార్లు తప్పితే అహం పక్కన పెట్టి పెద్దవాళ్లని పిలవడం. చేతులు వేడి చేసుకోవడం. దుప్పటి కప్పడం. దీనికి డబ్బు అక్కర్లేదు, కొత్త యంత్రాలు అక్కర్లేదు.

ఇది వైద్య విద్యార్థులకి మాత్రమే చెప్పిన మాట అనుకోకండి. మనకీ ఇందులో వాటా ఉంది. మన ఇంట్లోవాళ్లు మంచం పట్టినప్పుడు, "ఈ పిల్ల డాక్టర్లు మాకొద్దు, పెద్దాయన్నే పిలవండి" అని కసురుతాం. డబ్బున్నవాళ్లం ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోతాం. అంటే ఏమన్నమాట? నేర్పే బరువు మోయడానికి బీదవాళ్లు, నేర్చినవాడి ఫలం తినడానికి మనం. ఇది న్యాయమా? మర్యాదగా అడిగిన విద్యార్థికి, మన ఒంటికి పెద్ద ఇబ్బంది లేని పని అయితే, ఒక్కసారి చెయ్యి చాచి చూడండి. అదీ విద్యాదానమే. మర్యాద లేకుండా చేస్తే, "బాబూ, ముందు నీ పేరు చెప్పు, ఏం చేస్తున్నావో చెప్పు" అని నెమ్మదిగా అడగండి. అదీ పాఠమే. కోపంతో చెయ్యి చేసుకోవడం, అద్దాలు పగలగొట్టడం మాత్రం ఎవరికీ ఏమీ నేర్పదు.

చివరగా, ఆ పెద్దావిడ సంగతి చెప్పలేదు కదూ. మర్నాడు పొద్దున్నే మా మేనకోడలు వార్డుకి వెళ్లింది, క్షమించమని అడుగుదామని. ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. డిశ్చార్జి చేసి పంపేశారుట. కేసు షీట్లన్నీ వెతికి ఆవిడ పేరు పట్టుకుందిట. ఊరు కూడా చూసిందిట, చాలా దూరం. ఆ పేరు తన డైరీ మొదటి పేజీలో రాసుకుంది. నాకు చెప్పలేదు, రోగి సంగతి బయట చెప్పకూడదంది. నేనూ అడగలేదు.

క్షమాపణ చెప్పుకోవడానికి గురువు దొరకలేదు. అప్పు మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు సూది చేతిలోకి తీసుకునే ముందు ప్రతి ఒక్కరినీ ముందు పేరు అడుగుతోందిట. పోయిన వారం ఒక తాతగారు, "నా పేరెందుకమ్మా, మంచం నంబరు రాసుకో చాలు" అన్నాడుట. "నంబరు వాళ్ల కోసం తాతా, పేరు నా కోసం" అందిట.

వైద్యుణ్ణి నారాయణుడితో పోల్చే మాట మనకి ఎప్పటినుంచో ఉంది. ఆ నారాయణుడు మంచం పక్కన ఉన్నాడో, మంచం మీద ఉన్నాడో మీరే ఆలోచించండి. మీ ఇంట్లో, మీకు తెలిసినవాళ్లలో డాక్టరీ చదివే పిల్లలుంటే, ఈ నాలుగు మాటలూ వాళ్లకి చదివి వినిపించండి. వాళ్లు ఏమంటారో వినండి కూడా. వాళ్లకీ చెప్పుకోవాల్సినవి చాలా ఉంటాయి, అడిగేవాళ్లే ఉండరు.

మళ్లీ వచ్చే వారం కలుద్దాం. శుభం.